పలికితే పుస్తకం ఎత్తు

మొన్నామధ్య ఒకరోజు పొద్దున్నే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వెనక గోడ అవతలి ఇంట్లో పెద్దాయన చనిపోయారు, జనం వస్తారు, వెనక లైనులో కార్లు పెట్టకండి అని. దాని కింద వరసగా నమస్కారం గుర్తులు. ఒకరు మాత్రం, "ఆ మోటారు చప్పుడు చేసే ఆయనేనా?" అని అడిగారు. నేను టైపు చేయబోయి ఊరుకున్నాను. ఆ గ్రూపులో నేనెప్పుడూ ఏమీ రాయలేదు.

అవును, ఆయనే. చెక్కతో చిన్నపిల్లల ఈలలు చేసే తాత. అక్కడ రాయలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల బోనాల్లో కొన్న చెక్క ఈల ఒకటి మీ ఇంట్లో ఎక్కడైనా పడి ఉంటే, పసుపూ ఎరుపూ గీతలున్నదైతే, అది ఆయన చేతిదే అయి ఉంటుంది.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు పక్కన కాలనీ. నాన్న ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. కాలనీలో చాలామంది మాలాంటివాళ్లే. వెనక గోడ అవతల మాత్రం పాత ఊరు మొదలవుతుంది. ఆ గోడను ఆనుకుని మా ఇంటి నీళ్ల సంపు ఉంది. దాని సిమెంటు మూత నేను చదువుకునే చోటు. అల్వాల్‌లో కాన్వెంటు నుంచి బస్సు మీద వచ్చి, యూనిఫారం మార్చుకుని, ఏదో ఒక పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చునేదాన్ని. గోడ నడుం ఎత్తే ఉంటుంది. అవతల రేకుల షెడ్డు. షెడ్డులో తాత.

చాలాకాలం మేం మాట్లాడుకోలేదు. ఆయనకు పని, నాకు మొహమాటం. ఆయన కింద కూర్చుని, మోటారుతో తిరిగే కర్రముక్కకు ఉలి ఆనించేవారు. తెల్లటి పొట్టు రిబ్బన్లలా లేచేది. కొడిశ కర్ర, లేతగా ఉంటుంది. నునుపు వచ్చాక, అది తిరుగుతుండగానే లక్కకడ్డీ అదిమేవారు. ఆ వేడికి లక్క కరిగి కర్రకు పట్టేది, కొంచెం తీపి వాసన వచ్చేది. తర్వాత లోపల బొక్క తొలిచి, పైన చిన్న కిటికీలా కోసి, మూతి దగ్గర చెక్క బిరడా బిగించేవారు. బిరడాకు ఒక పక్క సన్నగా చెక్కి సందు వదులుతారు. గాలి ఆ సందులోంచి వెళ్లి కిటికీ అంచుకు తగిలితేనే పలుకుతుంది. బిరడా వెంట్రుకంత లోపలికి వెళ్లినా, సందులో లక్క చుక్క పడినా, వానలకు కర్ర ఉబ్బినా పలకదు. అందుకే ప్రతి ఈలనూ పలికించి చూసి బుట్టలో వేయాలి.

ఆయనతో మొదట మాట్లాడింది మా అమ్మ. పిన్ని కూతురి పుట్టినరోజుకు బొమ్మ కావాల్సి వచ్చింది.

"పెద్దాయనా, ఆ విజిల్స్ అమ్ముతారాండీ?" అని గోడ మీదుగా అడిగింది.

"అమ్మకపోతే ఉప్పేసి ఊరబెడతనా అమ్మా?"

"అది కాదండీ. చంటిపిల్లకి. మీరు ఊది చూసి ఉంటే మరి..." అని ఆగింది. అమ్మకు ఎంగిలి పట్టింపు.

తాత పక్కనున్న రబ్బరు బుగ్గ తీసి చూపించారు. పాత ఆటోల హారన్‌కు ఉండేది. ఈల మూతి దానికి తగిలించి నొక్కారు. ఈల పలికింది.

"మా నాయిన మూతి పెట్టలే, నేను పెట్టలే. పీక మీద మొదటి ఊదుడు పోరగాళ్లది. మనది గాదు."

ఆయన వాటిని పీకలనే అనేవారు.

"మీ నాన్నగారి కాలంలో ఈ హారన్ ఎక్కడిదండీ?"

"అప్పుడు మేకతోలు తిత్తి ఉండె. ఎలుకలు తిన్నయి."

రంగు పోతుందా అని కూడా అమ్మ అడిగింది. లక్కలో పసుపు, ఇంకేవో చెట్ల రంగులే కలుపుతానని చెప్పారు. "పోరగాళ్లు పీకను ఊదేది తక్కువ, చీకేది ఎక్కువ. గది ఎరుకబెట్టుకొని జెయ్యాలె." అమ్మ రెండు కొంది. ఇంట్లోకి వచ్చి, "శుభ్రం ఉన్న మనిషి" అంది. అమ్మ దగ్గర అంతకంటే పెద్ద మాట లేదు.

తాత ఇంట్లో ఆయన భార్య ఉండేది. నేనూ అవ్వ అనే పిలిచేదాన్ని. మోటారు రాకముందు, కర్రను తిప్పే ఆ ఖరాదును తాడుతో తిప్పేవారట. తాత ఉలి పట్టుకుంటే ఎదురుగా అవ్వ కూర్చుని తాడు ఇటూ అటూ గుంజేది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి మోటారు వచ్చేదాకా గుంజింది. ఆమె అరచేతుల్లో అడ్డంగా గట్టి గీతలు నేనూ చూశాను. "పీకల సగం ఊపిరి దీనిదే" అనేవారు తాత. "మిగిలిన సగం ఎవరిదో, ఉలి పట్టుకొని కునికేటోనిదా?" అనేది అవ్వ.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు శ్రావణంలో ఊరి పోచమ్మకు బోనాలు జరిగాయి. తాత ఏడాదంతా చేసేది ఎక్కువగా ఆ ఒక్క రోజుకే. అవ్వ గుడి దారిలో గుడ్డ పరిచి ఈలలు పోసి కూర్చుంది. నేను అమ్మతో వెళ్లాను. మేం చూస్తుండగానే ఒకావిడ పిల్లవాణ్ణి చంకనెత్తుకుని తిరిగి వచ్చింది.

"ఏంది అవ్వా, గిది పలుకుతలేదు."

"గట్టిగ ఊదమను. పొద్దుగాల ఏం తినిపియ్యలేదా పోరనికి?"

పిల్లవాడు బుగ్గలు ఎర్రబడేదాకా ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకొకరు తెచ్చారు, ఆ వెనక మరొకరు. పక్కన నిలబడ్డ కుర్రాళ్లు, "అవ్వా, ఇవి పీకలా సుట్టలా? అగ్గిపెట్టె ఇస్తవా?" అని నవ్వారు. అవ్వ వాళ్లను తిట్టింది గానీ, ఊరేగింపు రాకముందే గుడ్డ మడిచింది.

మర్నాడు సంపు మూత మీద కూర్చుంటే తాత కొడుకు మాటలు వినిపించాయి. ఆయన ప్లాట్ల బేరాలు చేస్తారు. చెడ్డవాడు కాదు. షెడ్డుకు కరెంటు బిల్లు కట్టేదీ ఆయనే, కర్ర తెప్పించి ఇచ్చేదీ ఆయనే.

"ఊరంత నవ్వుతుండ్రు నాయినా. నీతోని గాదు ఇగ. షెడ్డు తీసేసి రెండు షట్టర్లు ఏస్త. దుకాణాలకు ఇస్తే కిరాయి వస్తది, నీకు దుమ్ము తప్పుతది, దగ్గు తగ్గుతది."

"ఒచ్చే బోనాల దాంక ఆగు."

"అప్పుడు సుత గిట్లనే అయితే?"

"అయితే నీ ఇష్టం."

కొడుకు వెళ్లిపోయాక తాత వెనక్కి వచ్చిన ఈలలను ముందేసుకున్నారు. అవ్వ పక్కన కూర్చుని చుక్కకూర ఏరుతోంది. తాత ఒక ఈలకు బుగ్గ తగిలించి నొక్కారు. ఉత్త గాలి వచ్చింది.

"పలికిందా?" అని అవ్వను అడిగారు.

"పలికింది" అంది అవ్వ, కూరలోంచి తల ఎత్తకుండా.

తాత దాన్ని కుడిపక్క బుట్టలో వేశారు. ఇంకొకటి నొక్కారు. ఇది నిజంగానే పలికింది. అవ్వ అదే మాట అంది. దాన్నీ కుడి బుట్టలోనే వేశారు. మూడోది మళ్లీ ఉత్త గాలి. "పలికింది" అంది అవ్వ.

నేను చదవడం ఆపాను. తాతకు కొంచెం చెవుడని అందరికీ తెలుసు. ఏదడిగినా "ఆఁ?" అనేవారు. కానీ తన ఈల కూత కూడా ఆయనకు వినపడదని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన నొచ్చుకుంటారని అవ్వ అన్నిటికీ పలికింది అంటోందనుకున్నాను.

"పలకలేదు తాతా" అన్నాను. నా గొంతు గోడ కూడా దాటలేదు. ఇంకోసారి అన్నాను. ఆయన నాలుగోది చేతిలోకి తీసుకుంటున్నారు. నేను లేచి నిలబడి అరిచాను.

"పలకలేదు!"

మేడ మీద నుంచి అమ్మ, "ఏమైందే? పామా?" అని కేక వేసింది.

తాత నా వైపు చూశారు. తర్వాత అవ్వ వైపు తిరిగారు.

"ఏమే, పలికింది అంటివి?"

"నాకు ఇనబడ్డది."

"చెవుడు నీకా నాకా?"

"ఇద్దరికి. ఒక్క కంచంల తింటిమి గద" అంది అవ్వ. తాత నవ్వేశారు. నేనూ అది హాస్యమే అనుకున్నాను.

ఆయన లేచి గోడ దగ్గరికి వచ్చారు. అంత దగ్గరగా ఆయన్ని చూడటం అదే మొదటిసారి. కనుబొమ్మల మీద కర్రపొట్టు ఉంది.

"సారు బిడ్డా, నీ చేతిల పుస్తకం బరువున్నదా?"

లేదన్నట్టు తల ఊపాను.

"అయితే నేను నొక్కుత. పలికితే పుస్తకం ఎత్తు. పలకకపోతే సదువుకో."

అలా మొదలైంది. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆయన బుగ్గ నొక్కి నా వైపు చూసేవారు. పలికితే పుస్తకం ఎత్తేదాన్ని, ఈల కుడి బుట్టలోకి వెళ్లేది. ఎత్తకపోతే ఎడమ బుట్టలోకి. పని అయ్యాక ఎడమ బుట్టలోవి ఒక్కొక్కటే తీసి, బిరడా లాగి, చాకుమొనతో ఒక్క గీత గీసి మళ్లీ బిగించేవారు. ఒకరోజు ఈల లేకుండా ఉత్త బుగ్గనే పిడికిట్లో దాచి నొక్కారు. నేను కదల్లేదు. "సారు బిడ్డ లంచం తినది" అని అవ్వతో గొప్పగా చెప్పారు. కాలనీలో వాకింగ్ చేసేవాళ్లు నేను పుస్తకం ఎత్తడం, దించడం చూసి అదేదో వ్యాయామం అనుకున్నారట.

చెవి మిషను పెట్టించుకోమని ఒకసారి చెప్పాను. పేట్ బషీరాబాద్‌లో పరీక్ష చేసి ఇస్తారని బోర్డు చూశాను.

"మిషను పెట్టుకుంటే కొడుకు సూస్తడు. పీక ఇనబడది అని తెలుస్తది. తెలిస్తే షెడ్డు ఉంటదా బిడ్డా?" అన్నారు. ఉలి కింద పెట్టి, "షెడ్డు పోతే పొద్దంత నేనేం జెయ్యాలె, అవ్వ మొకం సూసుకుంట కూసోవాల్నా?" అన్నారు. అవ్వ ఆయన మీదికి కూర కాడ విసిరింది.

పని మధ్యలో, "ఏం రాసిండ్రు అందుల?" అని నా పుస్తకం గురించి అడిగేవారు. చెప్పాలంటే అరవాలి. కాన్వెంటులో సిస్టర్లు గట్టిగా మాట్లాడమని ఎన్నోసార్లు చెప్పారు, నాకు చేతకాలేదు. ఇక్కడ వేరే దారి లేదు. సముద్రంలో ఓడ మునిగిందని, ఆ అమ్మాయి ఇంటినుంచి వెళ్లిపోయిందని గోడ మీదుగా అరిచి చెప్పేదాన్ని. "ఎవరింటి గుట్టే అలా అరుస్తున్నావు?" అని అమ్మ బయటికి వచ్చేది. మర్నాడు అవ్వ నన్ను చూడగానే, "ఆ పోరి ఇల్లు జేరిందా?" అని అడిగేది. చేరలేదంటే ఆ పూట దిగులుగా ఉండేది. ఆమె కోసం ఒకటి రెండు కథల్లో అమ్మాయిలను ముందే ఇల్లు చేర్చాను.

చాలా చిన్నపిల్లల కోసం చేసేవాటికి సందు కొంచెం వెడల్పుగా వదిలేవారు. అలా ఎందుకని అడిగితే, "పీక ఊపిరిని అడగాలె, గుంజుకోవద్దు" అన్నారు. పిల్లలు మెల్లగా ఊదినా పలకాలి. అమ్మ పక్కన పడుకుని శ్వాస వదిలినంత మెల్లగా ఊదినా సరే. అలాంటి ఈలల కూత చిన్నది, పావురం గొంతులా ఉంటుంది. వాటిని వినడానికి నేను ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది.

మరుసటి బోనాలకు అవ్వ గుడ్డ పరిచినప్పుడు నేను ఆమె పక్కనే నిలబడ్డాను. డప్పుల మధ్య మొదట ఒక ఈల, తర్వాత ఇంకొకటి, కాసేపటికి దారి పొడుగునా ఈలలే. తాత గుడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు డప్పులు వినిపిస్తాయి, ఈలలు వినిపించవు. పిల్లల బుగ్గలనే చూస్తున్నారు. ఆయన కొడుకు కొంచెం దూరంలో నిలబడి ఫోన్‌లో, "ఏం ఇనబడ్తలేదు, ఈడ పీకల లొల్లి ఉంది, తర్వాత చేస్త" అని అరుస్తున్నారు. ఆ ఏడు షట్టర్ల మాట రాలేదు. తర్వాతి ఏడు వచ్చినా, "ఒచ్చే బోనాల దాంక" అనే అన్నారు తాత. ఏటా అదే మాట. నేను ఇంటర్ చదివాను, డిగ్రీ చదివాను, ఇప్పుడు ఇంట్లోనే ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. పుస్తకాలు లావయ్యాయి. "గిది ఎత్తితే చెయ్యి నొయ్యదా?" అనేవారు.

ఈ మధ్య ఆయన పని తగ్గించారు. ఒక ఈల చేసి, గోడకు ఆనుకుని కాసేపు కూర్చుని, మళ్లీ ఒకటి చేసేవారు. బోనాలు దగ్గరపడుతున్నాయి. చేసినవన్నీ ఒక పెద్ద బుట్టలో వేస్తున్నారు. దమ్ము చాలట్లేదు, అన్నీ అయ్యాక ఒకేసారి చూద్దాం అన్నారు. నేను సరే అన్నాను. ఒక తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వస్తే కొడుకు కారులో మేడ్చల్ ఆసుపత్రికి బయల్దేరారు. అత్వెల్లి దాటకముందే ప్రాణం పోయిందని అవ్వ తర్వాత చెప్పింది.

ఆ రోజు వెళ్లాను. కాలనీ నుంచి వెళ్లింది నేనూ అమ్మా నాన్నా. గోడ అవతల వాళ్లింట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ గోడ ఇవతలే ఉండిపోయానని అప్పుడు గమనించాను.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం అవ్వ గోడ దగ్గరికి వచ్చి చేయి ఊపింది. ఎదురుగా షెడ్డు గుమ్మం దగ్గర కొడుకు షట్టర్ల కోసం టేపు పెట్టి కొలుస్తున్నారు. అవ్వ తాత కూర్చునే చోట కూర్చుంది. ముందు ఆ పెద్ద బుట్ట, చేతిలో రబ్బరు బుగ్గ.

"బుట్ట ఒడిసినంక కొలువు బిడ్డా" అంది కొడుకుతో.

"గవన్ని ఎవరు సూస్తరు అమ్మా ఇప్పుడు?"

"నేను నొక్కుత. సారు బిడ్డ ఇంటది, పలికితే పుస్తకం ఎత్తుతది."

"నేనెందుకవ్వా? నీకు వినిపిస్తుంది కదా" అన్నాను. ఆమె నా పెదవులనే చూస్తోంది. ఇంకోసారి, గట్టిగా అన్నాను.

"పీక ఎన్నడిసంది ఇనబడ్తలేదో నాకే ఎరుక లేదు" అంది అవ్వ. "ఆయనకు ఎప్పుడు పోయిందో నాకు సుత గప్పుడే పోయింది గావచ్చు. ఇద్దరం ఒక్క చప్పుడు ముందలనే కూసుంటిమి గద."

"మరి అన్నిటికీ పలికింది అనేదానివి?"

"ఆయన చేతిల పలకనిది ఉంటదని నేననుకోలే."

ఆమె మామూలుగానే అంది. కొడుకు కొలవడం ఆపి తల్లి వైపు చూశారు. "నాయినకు పీక ఇనబడకపోతుండెనా?" అని నన్ను అడిగారు. అవునన్నట్టు తల ఊపాను. ఇక దాచడానికి ఏమీ లేదు.

అవ్వ మొదటి ఈల తీసి బుగ్గకు తగిలించింది. నొక్కింది. నా వైపు చూసింది, తాత చూసినట్టే.

ఉత్త గాలి. వానలకు కర్ర ఉబ్బి ఉంటుంది. పుస్తకం నా ఒళ్లో ఉంది, ఎత్తడం పెద్ద పని కాదు. నేను ఎత్తలేదు. అవ్వ ఈలను తిప్పి చూసి, బిరడాను బొటనవేలితో తడిమి, ఎడమ పక్కన పెట్టింది. చాకు ఎక్కడుందో చూసుకుని దాన్ని దగ్గరికి లాక్కుంది.

రెండోది చంటిపిల్లల ఈల. ఆమె నొక్కగానే పావురం గొంతులా చిన్న కూత వచ్చింది. నేను పుస్తకం ఎత్తబోయాను. అప్పటికే అవ్వ నా వైపు కాక షెడ్డు గుమ్మం వైపు చూస్తోంది. అక్కడ కొడుకు చేయి పైకి లేచి ఉంది. ఆ చేతిలోంచి కొలత టేపు కిందికి వేలాడుతోంది.

అవ్వ ఈలను కుడి బుట్టలో వేసి ఇంకొకటి తీసుకుంది.